బాబు ఆరో వేలికి దారం కట్టొచ్చా?

ప్రశ్న: మా బాబుకి ఏడు నెలలు. ఎడమ పాదానికి చిటికెన వేలి పక్కన ఇంకో వేలుంది. దానికి గోరు ఉంది, మిగతా వేళ్లతో పాటే కదులుతుంది. మాది మేనరికం. కడుపుతో ఉండగా గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగాననీ, అందుకే ఇలా అయిందనీ ఇంట్లో అంటున్నారు. దారం బిగించి కడితే వారంలో రాలిపోతుందని ఒకరు చెప్పారు. ఆరో వేలు అదృష్టం, ముట్టుకోవద్దని మా అత్తగారు అంటున్నారు. దగ్గర్లోని డాక్టరు గారు చిన్న ఆపరేషనే, ఎప్పుడైనా తీసేయొచ్చన్నారు. ఏ వయసులో చేయించాలి? లోపల ఏం చేస్తారు? మా పెద్ద పాపకి మూడేళ్లు. తనకి రెండు పాదాల్లోనూ నాలుగో వేలు మూడో వేలి కిందికి ముడుచుకుని ఉంటుంది. ఇద్దరికీ ఒకేసారి చేయించేయమంటారా?
— ఒక తల్లి, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ గ్రహణం మాట తేల్చేద్దాం. కడుపులో బిడ్డ పాదం మొదట చిన్న తెడ్డులా ఏర్పడుతుంది. తర్వాత వేళ్ల మధ్య ఉండే పల్చటి పొర కరిగిపోయి, బిడ్డ పడ్డ నాటి నుంచి ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్లు విడివిడిగా నిలుస్తాయి. చాలామంది తల్లులు మొదటి స్కాన్‌కి వెళ్లే రోజులకే ఈ పని దాదాపు అయిపోతుంది. పాదానికి ఎన్ని వేళ్లు రావాలో చెప్పేవి జన్యువులు. మీరు పట్టుకున్న కత్తిపీటకి అందులో ఏ పాత్రా లేదు. మీ వల్ల ఏ తప్పూ జరగలేదు. ఇంట్లో ఎవరైనా మళ్లీ ఆ మాటంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఇక దారం. కట్టొద్దు, ఎవరినీ కట్టనివ్వొద్దు. అదనపు వేళ్లలో రెండు రకాలున్నాయి. ఒకటి ఎముక లేకుండా సన్నటి తోలు కాడకి బుడిపెలా వేలాడేది. రెండోది లోపల ఎముక, కీలు, నరం, కండర తాడు అన్నీ ఉన్న అసలైన వేలు. మీ బాబు వేలు మిగతా వాటితో కలిసి కదులుతోందంటే దానికి కండర తాడు అంటుకుని ఉంది, కాబట్టి అది రెండో రకమే. దానికి దారం బిగిస్తే పైన తోలుకి రక్తం అందక నల్లబడుతుంది గానీ లోపలి ఎముక ఎక్కడికీ పోదు. కుళ్లిన తోలు మీదుగా చీము కీలులోకి దిగితే పక్కనున్న మంచి వేలికి కూడా ముప్పే. మొదటి రకానికి కడితే కొన్నిసార్లు రాలిపోయే మాట నిజం. అప్పుడు కూడా అడుగున చిన్న బొడిపె, అందులో తెగిన నరం చివర మిగిలిపోతాయి. తర్వాత చెప్పు పట్టీ తగిలిన ప్రతిసారీ అక్కడ చురుక్కుమంటుంది. పులిపిరికి గుర్రపు వెంట్రుక కట్టే అలవాటునే ఇక్కడికీ తెస్తుంటారు. ఇది పులిపిరి కాదు.

మీ అత్తగారి మాటని కొట్టిపారేయలేం. ఆరు వేళ్లతో జీవితమంతా హాయిగా నడిచినవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఈ ఆపరేషన్ అత్యవసరమైనది కాదు. ఆరో వేలు మిగతా వాటికి సమాంతరంగా ఒద్దికగా ఉండి, పాదం మరీ వెడల్పు కాకపోతే అలాగే ఉంచేయడం కూడా తప్పు కాదు. కానీ చాలా పాదాల్లో అది బయటికి విరబూసినట్టు ఉంటుంది. స్కూలు బూటు వేసే వయసు వచ్చేసరికి అక్కడ తోలు ఒరిసి, పుండు పడి, కాయ కాస్తుంది. రెండు సైజులు పెద్ద బూటు కొంటే మడమ జారుతుంది. వేలు పక్కకి వాలి ఉంటే తీయించడమే మేలన్నది మా అభిప్రాయం.

వయసు విషయంలో తొందర వద్దు, మరీ ఆలస్యమూ వద్దు. పది నెలల నుంచి పదిహేను నెలల మధ్య అనుకూలం. మరీ పసికందుకి మత్తు ఇవ్వడంలో ప్రమాదం ఎక్కువ. పైగా ఆ వయసులో పాదంలో చాలా భాగం ఇంకా గట్టి ఎముకగా మారని మృదులాస్థే, అది ఎక్స్‌రేలో కనిపించదు. రెండు వేళ్లు ఒకే ఎముక మీద ఉన్నాయా, విడివిడి ఎముకల మీద ఉన్నాయా అన్నది ఏడాది దగ్గరపడ్డాక తేటగా తెలుస్తుంది. నడక కుదురుకునేలోపు పని అయిపోతే బూటు బాధా ఉండదు, ఆపరేషన్ జ్ఞాపకమూ ఉండదు. మూడేళ్లప్పుడైనా చేయొచ్చు. కాకపోతే పరుగులు పెట్టే పిల్లాడిని కట్టుతో కూర్చోబెట్టడం మీకు గగనమవుతుంది.

"చిన్న ఆపరేషనే" అన్న మాట దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. పైకి చిన్నదే. బయటికి కనిపించే వేలిని తెంపేసి కుట్లు వేసి పంపితే ఆ రోజుకి పాదం బాగానే ఉంటుంది. మూడేళ్లు తిరిగేసరికి పక్కన ఎముక పొడుచుకొస్తుంది, మిగిలిన చిటికెన వేలు బయటికి వంగిపోతుంది, రెండో ఆపరేషన్ కావాలంటారు. ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే లోపలి నిర్మాణం చూడాలి.

పాదం మధ్యలో వేళ్ల వైపుకి వెళ్లే పొడుగాటి ఎముకలు ఐదుంటాయి. వాటిని మెటాటార్సల్స్ అంటారు. ఆరో వేలు చాలాసార్లు ఐదో మెటాటార్సల్‌నే పంచుకుంటుంది. ఆ ఎముక తల వెడల్పుగా ఉబ్బి, దాని మీద రెండు వేళ్లు పక్కపక్కన కూర్చుంటాయి. కొందరిలో ఎముక పంగలకర్రలా చివర రెండుగా చీలుతుంది. ఇంకొందరిలో పక్క నుంచి అడ్డంగా ఒక కొమ్మ మొలుస్తుంది. అరుదుగా ఆరో మెటాటార్సల్ పూర్తిగా విడిగానే ఉంటుంది. మీ బాబుది వీటిలో ఏదో ఎక్స్‌రే చెబుతుంది. రెండు పాదాలకీ తీయమనండి, ఎదురుగా ఒకటి, ఏటవాలుగా ఒకటి. సర్జన్ గారిని ఆ ఫిల్మ్ పట్టుకుని ఈ రెండు అడగండి: ఏ వేలు తీస్తారు, మెటాటార్సల్‌ని ఏం చేస్తారు? దానికి సరైన జవాబు రాకపోతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

ఏ వేలు అని అడగమనడానికి కారణం ఉంది. ఎక్కువ మందిలో చివరిదాన్నే తీస్తారు. కానీ కొందరిలో చివరి వేలే ఎముక మీద తిన్నగా, నిండుగా కూర్చుని, లోపలిదే బక్కగా, వంకరగా ఉంటుంది. అప్పుడు లోపలిదాన్ని తీసి, బయటిదాన్ని దాని చోటికి జరుపుతారు. గోరు ఏది పెద్దదని కాకుండా కీలు ఏది బాగుందో చూసి నిర్ణయించాలి.

ఇక ఆపరేషన్. పూర్తి మత్తు ఇచ్చాక, నడుము కింది భాగంలో కూడా ఒక ఇంజెక్షన్ ఇస్తే లేచాక కొన్ని గంటలు నొప్పి తెలియదు. తొడకి పట్టీ బిగించి రక్తం ఆపుతారు. తీయబోయే వేలి మొదలు చుట్టూ, టెన్నిస్ బ్యాట్ ఆకారంలో గాటు పెడతారు. దాని పిడి పాదం అంచు వెంబడి వెనక్కి సాగుతుంది. తోలు మొదట్లో కొంచెం ఎక్కువే ఉంచుకుని చివర్లో కత్తిరించుకుంటారు. ముందే ఎక్కువ తీసేస్తే మూయడానికి చాలక కుట్లు బిగుసుకుంటాయి. వేలి నరాన్ని మెల్లగా బయటికి లాగి కోస్తే అది వెనక్కి జారి మెత్తటి కండలో దాక్కుంటుంది. తోలు కిందే వదిలేస్తే చివర గడ్డ కట్టి నొప్పి పెడుతుంది, దారం కట్టినవాళ్లకి మిగిలేది కూడా ఇదే.

అసలు పనితనం దీని తర్వాతే కనిపిస్తుంది. చిటికెన వేలిని బయటి వైపుకి లాగే కండరం ఒకటుంది. ఆరో వేలు ఉన్న పాదంలో అది ఆరో వేలికే అంటుకుని ఉంటుంది. వేలితో పాటు దాన్నీ కోసేసి వదిలేయకూడదు. కీలు బయటి వైపుండే కట్టు పొరనీ, ఈ కండరాన్నీ కలిపి ఒక పట్టీలా విడదీసి భద్రంగా పక్కన ఉంచుకోవాలి. తర్వాత వేలిని కీలు దగ్గర వేరు చేస్తారు. అప్పుడు వెడల్పాటి మెటాటార్సల్ తల బయటపడుతుంది. ఈ వయసులో అది చాలావరకు మృదులాస్థి కాబట్టి చాకుతోనే బయటి అంచు చెక్కొచ్చు. ఐదో మెటాటార్సల్ పొడవు పెరగడానికి ఆధారమైన పలక కూడా ముందు చివర, ఆ తలకి ఆనుకునే ఉంటుంది. ఎక్కువ చెక్కితే అది దెబ్బతిని ఎముక పొట్టిగా మిగులుతుంది, తక్కువ చెక్కితే బొడిపె ఉండిపోతుంది. పంగ చీలిన ఎముకైతే బయటి కొమ్మని మొదటికంటా తీయాలి. చివరికి దాచిన పట్టీని బిగువుగా తెచ్చి, ఉండిపోయే వేలి బయటి వైపున కుట్టేస్తారు. ఆ వేలు తిన్నగా నిలబడేది ఈ కుట్టుతోనే. మూడేళ్లకి వేలు వంగిపోయిన పాదాల్లో చాలావాటికి జరగనిది ఈ ఒక్క పనే.

కుట్టాక వేలిని అటూ ఇటూ కదిపి చూస్తారు. పక్కకి వాలుతుంటే వేలి కొన నుంచి సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న సన్నటి స్టీలు తీగ గుచ్చి ఉంచుతారు. అందరికీ అవసరం పడదు. తోలుకి కరిగిపోయే దారమే వేయమని అడగండి. ఏడాది పిల్లాడికి కుట్లు విప్పడమంటే మళ్లీ మత్తు ఇచ్చినంత పని. పైన పిండికట్టు వేస్తే మోకాలు కాస్త వంచి తొడ వరకూ వేయడం మంచిది. ఆ వయసు కాలు గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది కదా, మోకాలి కింద వరకే వేస్తే రెండు రోజుల్లో మేజోడులా ఊడొస్తుంది.

ఆపరేషన్‌కి ముందు మీ ఇంటికి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటుంది, మేనరికం. ఆరో వేలు చాలామంది పిల్లల్లో అదొక్కటే ఉంటుంది, వేరే జబ్బేమీ ఉండదు. మీ వైపో, వారి వైపో ఎవరికైనా ఆరు వేళ్లు ఉంటే, వేరే జబ్బు లేదన్న నమ్మకం ఇంకా బలపడుతుంది. కానీ చిటికెన వేలి వైపు అదనపు వేలు కొన్ని జన్యు జబ్బులకి పైకి కనిపించే గుర్తు కూడా. ఎల్లిస్ వాన్ క్రెవెల్డ్ అనే దానిలో కాళ్లూ చేతులూ పొట్టిగా, గుండెలో రంధ్రం, పళ్లలో తేడా ఉంటాయి. బార్డెట్ బీడిల్ అనే దానిలో పుట్టినప్పుడు వేలు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. పెరిగే కొద్దీ బరువు విపరీతంగా పెరగడం, రేచీకటి, కిడ్నీ సమస్యలు బయటపడతాయి. ఇవి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యు లోపం వస్తేనే కలుగుతాయి, మేనరికంలో అలా కలవడానికి అవకాశం ఎక్కువ. కాబట్టి పిల్లల డాక్టరు బాబుని నిలువెల్లా చూడాలి. చేతులు, నోరు, మర్మాంగం, ఎత్తు, బరువు చూసి, గుండెకి ఎకో, కిడ్నీలకి అల్ట్రాసౌండ్ చేయించమనండి. గుండె సంగతి మత్తు డాక్టరుకీ తెలియాలి. అన్నీ బాగున్నా సరే, వేలు తీయించే ముందు పాదం ఫోటో తీసి ఎక్స్‌రేతో కలిపి దాచండి. పదేళ్ల తర్వాత చూపు మందగించిందని కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఎప్పుడో ఆరో వేలు ఉండేదన్న ఆ ఒక్క మాట వాళ్లకి దారి చూపిస్తుంది. మళ్లీ గర్భం వస్తే, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చేసేవారికి కూడా ఇది చెప్పండి.

ఎక్కడ చేయించాలంటే, పిల్లల ఎముకల సర్జన్ లేదా చేతి, పాదాల పని చేసే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉన్నదే ఎముకల వైకల్యాల కోసం, మీకు మరీ దూరమూ కాదు. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందానికి బాబుని చూపిస్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి రాసిస్తారు. ఎన్టీఆర్ వైద్యసేవలో వర్తిస్తుందో లేదో ఎక్స్‌రే పట్టుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రనే అడగండి, తేదీ తీసుకోక ముందే అడగండి.

తేదీ పెట్టుకునేటప్పుడు టీకాల కార్డు ముందు పెట్టుకోండి. తొమ్మిది నెలలకి వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి జ్వరం వెంటనే రాదు, ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది. ఆ రోజుల్లో ఆపరేషన్ పడితే జ్వరం టీకాదో, గాయానిదో తెలియక అందరూ కంగారు పడతారు. దగ్గు, ఛాతీలో గురగుర ఉంటే దాచకండి. కొన్ని వారాలు వాయిదా పడినా నష్టం లేదు.

ఆపరేషన్ రోజు ఆకలి లెక్క ఇలా ఉంటుంది: డబ్బా పాలు, ఆవుపాలు, అన్నం, బిస్కెట్ ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లు మనసాగక రెండు చెంచాల పాలు పట్టేస్తారు. మత్తులో ఆ పాలు పొట్టలోంచి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. పట్టేసి ఉంటే నిజం చెప్పండి, కొన్ని గంటలు వెనక్కి జరుపుతారు, అంతే.

ఆ రోజో, మర్నాడో ఇంటికి పంపుతారు. నొప్పికి పారాసిటమాల్ చాలు, కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లు మించకుండా. తొమ్మిది కిలోల బాబుకి అది సుమారు 135 మిల్లీగ్రాములు. సీసా మీద అంకె చదవకుండా మాత్రం పోయకండి. 5 మిల్లీలీటర్లలో 120 ఉండే సిరప్ ఉంది, అదే 5 మిల్లీలీటర్లలో 250 ఉండేదీ ఉంది. ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే చుక్కల మందు కూడా ఉంది. మొదటిది ఐదున్నర మిల్లీలీటర్లు పట్టాలి, చుక్కల మందైతే దాదాపు 1.3 చాలు. చుక్కల మందుని చెంచాతో కొలిస్తే నాలుగింతలు పోతుంది. సీసాతో వచ్చిన కొలతగొట్టమే వాడండి, ఆ సీసాతో ఎంత పట్టాలో డిశ్చార్జ్ కాగితం మీద మిల్లీలీటర్లలో రాయించుకోండి.

మొదటి రెండు రోజులు కాలి కింద దిండు పెట్టి ఎత్తులో ఉంచండి. కట్టు బయటికి కనిపించే వేలి గోరుని నొక్కి వదలండి. తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకి రావాలి. వేళ్లు నీలంగా, తెల్లగా, చల్లగా మారినా, మందు పట్టినా ఏడుపు ఆగకపోయినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. బిగిసిన కట్టుని వదులు చేస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది, తెల్లారేదాకా ఆగితే వేలే పోవచ్చు. రెండో రోజు తర్వాత 101 డిగ్రీలు దాటిన జ్వరం, కట్టు మీద తడి మచ్చ పెరగడం, వాసన రావడం చీముకి గుర్తులు.

కట్టు రెండు నుంచి నాలుగు వారాలు, తీగ పెడితే నాలుగు నుంచి ఆరు వారాలు. అప్పటిదాకా తడిగుడ్డతోనే ఒళ్లు తుడవండి. ప్లాస్టిక్ సంచి కట్టి నీళ్లు పోస్తామనుకోకండి, ఎక్కడో ఒకచోట కారుతుంది. పాకే పిల్లాడు తీగ చివరని నేలకి రాస్తాడు కాబట్టి కట్టు మీద పెద్దవాళ్ల సాక్సు తొడగండి. తీగ తీయడానికి మత్తు అక్కర్లేదు, ఓపీలోనే నిమిషంలో లాగేస్తారు. ఆ తర్వాత నడిపించాలని చేయి పట్టి లాగొద్దు, తనకి ధైర్యం వచ్చినప్పుడు తనే అడుగేస్తాడు. గాయం పూర్తిగా మానాక మచ్చ మీద కొబ్బరినూనెతో రోజూ ఐదు నిమిషాలు మెల్లగా రుద్దండి. ఆరు వారాలకి, మూడు నెలలకి, ఏడాదికి చూపించండి. తర్వాత కూడా ఎప్పుడైనా వేలు వాలుతున్నట్టు అనిపిస్తే ఎక్స్‌రే తీయించండి. పాదం రెండోదాని కంటే కొంచెం వెడల్పుగా ఉండిపోవచ్చు, అది లోపం కాదు.

మీలాంటి ప్రశ్నే ఉన్న ఇతర తల్లిదండ్రులకి ఒక్క మాట. అదనపు వేలు బొటనవేలి వైపు ఉంటే పైన చెప్పినదంతా వర్తించదు. అది మరింత కష్టమైన పని. తీసేశాక బొటనవేలు లోపలికి తిరిగిపోయే ప్రమాదం ఎక్కువ, అనుభవం ఉన్నవారే చేయాలి. రెండో, మూడో వేళ్ల మధ్య తోలు అతుక్కుని మాత్రమే ఉంటే సాధారణంగా ఏ ఆపరేషనూ అక్కర్లేదు.

ఇప్పుడు మీ పాప సంగతి. ఇద్దరికీ ఒకేసారి వద్దు. తనది వేరే సమస్య. వేలిని కిందికి ముడిచే కండర తాడు బిగువుగా ఉండటం వల్ల వేలు పక్కదాని కిందికి దూరుతుంది. ఇంట్లోనే ఒకటి చూడండి. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాదాన్ని నేల వైపుకి వంచి, ముడుచుకున్న వేలిని మీ వేలితో చాపండి. సులువుగా తిన్నగా అయి, పాదం పైకెత్తగానే మళ్లీ ముడుచుకుంటే బిగువు తాడులోనే ఉందన్నమాట. అలాంటివాటిలో కొన్ని పెరిగే కొద్దీ వాటంతటవే సర్దుకుంటాయి. టేపులు చుట్టడం వల్ల నిలబడే మార్పు రాదు, తోలు పుండవుతుంది, అంతే. బాధపెడుతుంటే నాలుగేళ్లు దాటాక వేలి కింద చిన్న గాటు పెట్టి ఆ బిగువు తాడుని కోసేస్తే చాలు. ఎముక జోలికి వెళ్లరు, తీగ ఉండదు, వేలిని ముడిచే ఇంకో పొట్టి తాడు ఉంటుంది కాబట్టి వేలు ముడవడమూ పోదు. పాదం ఎలా పెట్టినా వేలు తిన్నగా రాకపోతే మాత్రం కీలు గట్టిపడిందేమో ఇప్పుడే చూపించండి. సులువుగా చాచగలిగితే, ముందు భాగం వెడల్పున్న చెప్పులు వేసి, గోరు పొట్టిగా తిన్నగా కత్తిరిస్తూ ఉండండి. ఆర్నెల్లకోసారి స్నానం చేయించేటప్పుడు వేలి కొన చూడండి. అక్కడ తోలు పసుపు రంగుకి తిరిగి గట్టిపడినా, గోరు పక్కకి మడిచినట్టయినా, బూటు వేస్తే పాప విప్పేస్తున్నా అప్పుడు సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి.